చిత్త కింద మసక చుక్క: అందులో ఇనుమెంత?

చైత్రమాసంలో భద్రాచలం వచ్చినవాళ్ళు రాములవారి కల్యాణం చూసి, గోదావరిలో మునిగి, ఇంటిదారి పడతారు. మీది ఆ చుట్టుపక్కల ఊరే అయితే, అంటే దుమ్ముగూడెమో, చర్లో, పర్ణశాలో, బూర్గంపహాడో అయితే, మీకు ఇంకో పని మిగిలి ఉంది. నవమినాటి చంద్రుడు పెరిగి పున్నమి కావాలి, మళ్ళీ తరిగి అమావాస్య రావాలి. అప్పటిదాకా ఆగండి. ఆ రాత్రి పదిన్నరకో పదకొండుకో, పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని, ఊరి దీపాలు కంట్లో పడని చోటికి వెళ్ళి దక్షిణం వైపు తిరిగి నిలబడండి. అడవిలోకి పోనక్కరలేదు. ఊరి చివర చేను చాలు. గోదావరి గట్టయితే మరీ మంచిది.

మొదట చిత్త నక్షత్రాన్ని పట్టుకోండి. చైత్రమాసానికి ఆ పేరు వచ్చింది ఈ చుక్క వల్లనే. చైత్ర పున్నమి నాడు చంద్రుడు దీని దగ్గరే ఉంటాడు. దక్షిణాన బాగా ఎత్తులో, కొంచెం నీలిరంగు కలిసిన తెల్లని వెలుగుతో, చుట్టుపక్కల పోటీ లేకుండా మెరుస్తుంటుంది. ఇప్పుడు చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగించండి. చాచిన చేతి పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. చిత్త నుంచి తిన్నగా కిందికి మూడున్నర పిడికిళ్ళు దిగండి. అక్కడ, నేలకు రెండున్నర పిడికిళ్ళ ఎత్తున, ఒక మసక చుక్క కనిపిస్తుంది. మిగతా చుక్కల్లా మిలమిల మెరవదు. అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంటుంది. దాని మీదికి కాక కాస్త పక్కకు చూడండి, ఇంకా బాగా తెలుస్తుంది. వైశాఖ అమావాస్యకైతే రాత్రి తొమ్మిది ప్రాంతంలోనే ఈ చోటికి వస్తుంది. మార్చి నెలలో తెల్లవారకముందే లేచి ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళేవారికి నైరుతి దిక్కున కనిపిస్తుంది. వాళ్ళలో ఎంతోమంది దీన్ని ఎన్నోసార్లు చూసే ఉంటారు.

దీని పేరు ఒమేగా సెంటారి. పేరును బట్టి ఒక నక్షత్రమనుకుంటారు. పూర్వం అందరూ అలాగే అనుకున్నారు. జర్మనీ దేశస్థుడు బేయర్ 1603లో తన నక్షత్ర పటంలో దీనికి ఒక నక్షత్రానికి పెట్టినట్టే ఒమేగా అనే అక్షరం తగిలించాడు. 1677లో ఎడ్మండ్ హేలీ, అదే తోకచుక్కకు పేరొచ్చిన హేలీ, సెంట్ హెలీనా ద్వీపం నుంచి చూసి, ఇది చుక్క కాదు, ఏదో మసక మచ్చ అన్నాడు. పెద్ద దూరదర్శినులు వచ్చాక అసలు సంగతి బయటపడింది. అది సుమారు ఒక కోటి నక్షత్రాల గుంపు! తేనెపట్టు చుట్టూ ముసిరిన ఈగల్లా గుండ్రంగా మూగి ఉన్నాయి. ఇలాంటి వాటిని గోళాకార తారాగుచ్ఛాలంటారు. మన పాలపుంతలో ఇవి నూట యాభైకి పైగా ఉన్నాయి. అన్నిట్లోకీ పెద్దది ఇదే. దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. వయస్సు సుమారు 1,200 కోట్ల సంవత్సరాలు. మన సూర్యుడి వయస్సు 460 కోట్లే. అంటే సూర్యుడు పుట్టేనాటికే ఈ గుంపు పాతబడింది.

ఇంత పాత నక్షత్రాల్లో ఏమేమి ఉన్నాయి? హైడ్రోజన్ ఎంత, ఇనుమెంత?

ఇదేం ప్రశ్న అంటారేమో. ఇనుము సంగతి మీ ప్రాంతం వారికి కొత్త కాదు. ఒకప్పటి ఖమ్మం జిల్లాలో ఉండి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చేరిన బయ్యారం కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. ఆ ఖనిజాన్నీ, సింగరేణి బొగ్గునూ నమ్ముకునే వెనక పాల్వంచలో స్పాంజ్ ఐరన్ కర్మాగారం పెట్టారు. ఖనిజంలో ఇనుమెంతో తేల్చడం రసాయన శాస్త్రజ్ఞుడికి కష్టం కాదు. రాయిని పొడి చేస్తాడు, తూస్తాడు, ఆమ్లంలో కరిగిస్తాడు, కొలుస్తాడు. మరి చుక్కను ఎవరు పొడి చేస్తారు? దాని నుంచి మన దగ్గరకు వచ్చేది వెలుగొక్కటే. అదీ 17,000 ఏళ్ళ క్రితం బయలుదేరిన వెలుగు.

అయితే ఆ వెలుగే సాక్ష్యం చెబుతుంది. ఎలాగో మీ వంటింట్లోనే చూడవచ్చు. గ్యాస్ పొయ్యి మీద చారు పొంగి బర్నరు మీద పడితే నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారుతుంది, గమనించారా? చారులోని ఉప్పు చేసే పని అది. ఉప్పులో సోడియం ఉంది. వేడెక్కిన సోడియం పరమాణువు పసుపు రంగులోని రెండు సన్నని గీతల్ని మాత్రమే గట్టిగా వెలిగిస్తుంది. ప్రతి మూలకానికీ ఇలా సొంత గీతలున్నాయి. ఒకరి వేలిముద్ర మరొకరికి రానట్టే ఒక మూలకం గీతలు మరొక మూలకానికి రావు. ఆ మూలకపు చల్లని ఆవిరి గుండా తెల్లని వెలుగు ప్రయాణిస్తే, సరిగ్గా ఆ గీతలనే మింగేస్తుంది. అప్పుడు ఇంద్రధనుస్సు లాంటి వర్ణపటంలో ఆ చోట్ల నల్లని గీతలు పడతాయి. 1814లో ఫ్రాన్‌హోఫర్ సూర్యుడి వర్ణపటంలో ఇలాంటి నల్లగీతలు వందల కొద్దీ లెక్కపెట్టాడు. అవేమిటో ఆయనకు తెలియదు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు స్నేహితులు వాటిని చదవడం నేర్చారు. మీ ప్రయోగశాలలోని బర్నరు ఆ బున్సెన్ పేరుతోనే ఉంది.

ఈ విద్యకు మన గడ్డతో ఒక సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి వర్ణపటదర్శినితో చూశాడు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నంలో మకాం పెట్టాడు. నల్లని చంద్రబింబం అంచున ఎగిసిపడుతున్న సూర్యజ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కనబడింది. చాలామంది సోడియం అనుకున్నారు. కానీ అది సోడియం గీతల చోట లేదు, కొద్దిగా జరిగి ఉంది! అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా దానిని చూసి, ఇది భూమి మీద ఎవరికీ తెలియని మూలకమని తేల్చాడు. గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద హీలియం అన్నారు. భూమి మీద అది దొరికింది 1895లో. ఈ హీలియంను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

గీతలున్నాయంటే మూలకం ఉందని తెలిసిపోతుంది. ఎంత ఉందో? ఇక్కడే మనం పొరబడతాం. గీత ఎంత నల్లగా ఉంటే మూలకం అంత ఎక్కువ అనుకోబుద్ధవుతుంది. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే ఆ మాట నమ్మి చాలాకాలం దారి తప్పారు.

మే నెలలో పట్టపగలు ఒక కోయగూడేనికి వెళ్ళారనుకోండి. వీధిలో నలుగురు ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఈ గూడెంలో జనం నలుగురే అని రాసుకుని వస్తారా? రారు. మిగతావారు తునికాకు కోతకు అడవికి పోయారని మీకు తెలుసు. పరమాణువులూ అంతే. నక్షత్రం వేడిని బట్టి కొన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని వేరే గీతలు చూపిస్తాయి. కొన్నిటికి తమ గీత చూపించేటంత వేడి అందదు. కనిపించిన వాటి నుంచి కనిపించని వాటిని లెక్కకట్టే సూత్రాన్ని 1920లో ఇచ్చినవాడు మన మేఘనాథ్ సాహా. కలకత్తాలో పనిచేస్తున్న ఆయనకు అప్పటికి 27 ఏళ్ళు.

ఆ సూత్రంతో లెక్క వేసింది సిసీలియా పేన్ అనే యువతి. ఆమె 1925లో అమెరికాలో తన పరిశోధన వ్యాసం రాసింది. సూర్యుడు ఇంచుమించు భూమిలాంటి పదార్థంతోనే తయారై ఉంటాడని అప్పటి నమ్మకం. ఆమె లెక్కలో హైడ్రోజన్ మిగతా లోహాల కంటే లక్షల రెట్లు ఎక్కువ వచ్చింది. అప్పటి ప్రముఖుడు రస్సెల్ ఇది అసంభవం అన్నాడు. పాపం, ఆమె తన వ్యాసంలోనే ఈ ఫలితం నిజం కాకపోవచ్చునని రాయవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరువాత రస్సెలే వేరే దారిన అదే లెక్కకు వచ్చి ఒప్పుకున్నాడు. ఆమె తన లెక్కను నమ్మి ఉంటే బాగుండేదని ఇప్పుడు మనం సులభంగా అనేస్తాం గానీ, పాతికేళ్ళ వయసులో అంత పెద్దాయనకు ఎదురు చెప్పడం తేలిక కాదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గ్లాసు నీళ్ళలో చిటికెడు పసుపు వేయండి. రంగు తెలుస్తుంది. రెండో చిటికెడుకు రంగు రెట్టింపవుతుంది. పదో చిటికెడు తరువాత పదకొండోది వేసినా, వేయకపోయినా కంటికి తేడా తెలియదు. బాగా నల్లబడిన గీత కూడా ఇలాగే కొత్త పరమాణువుల సంగతి సరిగా చెప్పదు. అందుకని సన్నగా, బలహీనంగా ఉన్న గీతల్ని ఏరి కొలుస్తారు. ఇనుము ఈ విషయంలో చాలా మంచిది. దానికి గీతలు వేల సంఖ్యలో ఉన్నాయి. బలమైనవి వదిలేసినా కావలసినన్ని మిగులుతాయి. నక్షత్రం రంగును బట్టి వేడి, గీతల తీరును బట్టి దాని గురుత్వాకర్షణ కట్టి, ఒక నమూనా నక్షత్రాన్ని లెక్కల్లో తయారు చేస్తారు. అందులో ఇనుము కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ, లెక్కలో వచ్చిన గీతలు దూరదర్శినిలో కనిపించిన గీతలతో సరిపోయేదాకా చూస్తారు. సరిపోయిందా, అదే జవాబు. కూరలో ఉప్పు సరిచూసినట్టే, కాకపోతే నాలుకకు బదులు వర్ణపటం.

ఇలా కొలిస్తే ఒమేగా సెంటారిలోని ఎక్కువ నక్షత్రాల్లో ఇనుము సూర్యుడిలో ఉన్నదానిలో సుమారు యాభయ్యో వంతే ఉందని తేలింది. ఇందులో ఆశ్చర్యం లేదు. విశ్వం మొదట్లో హైడ్రోజన్, హీలియం తప్ప దాదాపు ఏమీ లేవు. ఇనుము నక్షత్రాల కడుపులో తయారై, అవి పేలినప్పుడు బయటపడి, ఆ తరువాత పుట్టే నక్షత్రాల్లో చేరుతుంది. బయ్యారం కొండల్లోని ఇనుమూ, మీ రక్తంలోని ఇనుమూ అలా వచ్చినవే. పాత నక్షత్రాలు పుట్టేనాటికి ఇంకా అంత ఇనుము పోగుపడలేదు.

వింత ఇంకొకటుంది. మామూలు తారాగుచ్ఛంలో ఏ నక్షత్రాన్ని కొలిచినా ఇనుము ఇంచుమించు ఒకేలా వస్తుంది. ఒకే మబ్బులో, ఒకేసారి పుట్టినవి కదా, ఒకే కుండలో ఉడికిన అన్నం లాగా. ఒమేగా సెంటారిలో అలా కాదు. కొన్నిటిలో సూర్యుడితో పోలిస్తే నూరోవంతు, కొన్నిటిలో నాలుగోవంతు! అంటే ఇక్కడ ఒక తరం పుట్టి, పేలి, ఆ ఇనుముతో మరొక తరం పుట్టింది. పేలుడు విసిరేసిన పదార్థాన్ని పారిపోకుండా పట్టి ఉంచాలంటే చాలా బలమైన ఆకర్షణ కావాలి. మామూలు గుంపుకు అంత శక్తి చాలదు. కాబట్టి ఇది ఒకప్పుడు ఒక చిన్న నక్షత్ర వీథికి నడిబొడ్డు అయివుంటుందని, మన పాలపుంత ఆ వీథిని మింగేసి ఈ గింజను మాత్రం మిగిల్చిందని ఇప్పుడు చాలామంది ఖగోళ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దీని నడుమ సూర్యుడి కంటే కనీసం 8,000 రెట్ల బరువైన కృష్ణబిలం ఉన్నట్టు, అక్కడి నక్షత్రాల అతివేగాన్ని బట్టి 2024లో ప్రకటించడం ఈ అభిప్రాయానికి బలమిచ్చింది.

ఇక హీలియం కథకు వద్దాం. 2004లో హబుల్ దూరదర్శిని తీసిన చిత్రాల్లో ఒమేగా సెంటారి చిన్న నక్షత్రాలు రెండు వరుసలుగా విడిపోయి కనిపించాయి. ఒక వరుస ఎక్కువ నీలంగా ఉంది. తరువాత ఆ నీలి వరుస వర్ణపటం తీస్తే అందులో ఇనుము ఎక్కువని తేలింది. ఇది తలకిందుల వ్యవహారం. లోహాలు ఎక్కువైతే నక్షత్రం ఎర్రబడాలి గానీ నీలంగా మారకూడదు. వాటిలో హీలియం చాలా ఎక్కువగా ఉంటే తప్ప ఈ లెక్క కుదరదు. సరే, హీలియంను కొలిచి చూస్తే పోలేదా?

కుదరదు! హీలియం గీతలు కనబడాలంటే నక్షత్రం బాగా వేడిగా ఉండాలి. ఆ గుంపులో మనకు వర్ణపటం తీయడానికి సరిపడా వెలుగు ఇచ్చేవి ఎక్కువగా ఎర్రని మహాతారలు. అవి చల్లనివి. వాటిలో హీలియం ఉంటుంది, కానీ దాని గీత పడదు. గూడెం జనమంతా అడవిలో ఉన్నట్టే.

ఈ చిక్కును విప్పే ప్రయత్నం ఒకటి మన పొరుగునే జరిగింది. తమిళనాడులో జవ్వాది కొండల అడవి మధ్య కావలూరు అనే చోట ఒక వేధశాల ఉంది. ఆ చోటును ఎంచి, వేధశాలను నిలబెట్టినవాడు వేణు బప్పు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. ఆ దూరదర్శినుల మధ్య పెరిగిన కుర్రవాడు నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు వెళ్ళి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. దక్షిణాకాశం బాగా కనిపించాలని భూమధ్యరేఖకు దగ్గరగా కావలూరును ఎంచాడు. మీకు రెండున్నర పిడికిళ్ళ ఎత్తున కనిపించే ఒమేగా సెంటారి అక్కడ మూడు పిడికిళ్ళ ఎత్తుకు లేస్తుంది. అర పిడికిలే తేడా అనకండి. నేలకు దగ్గరయ్యే కొద్దీ గాలి పొర మందమై వెలుగును మింగేస్తుంది. 2.34 మీటర్ల అద్దంతో మనదేశంలోనే తయారైన పెద్ద దూరదర్శిని 1986లో అక్కడ పనిలోకి దిగింది. బప్పు అప్పటికి నాలుగేళ్ళ క్రితమే కన్నుమూశారు. దానికి ఆయన పేరే పెట్టారు. ఆ అద్దం మన కంటిపాప కంటే లక్ష రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది. అంత అవసరమే. ఒమేగా సెంటారిలోని ఒక్కొక్క మహాతార, మన కంటికి కనిపించే అతి మసక చుక్క కంటే కూడా రెండు వందల రెట్లకు పైగా మసక.

బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ పరిశోధకులు బి.పి. హేమ, గజేంద్ర పాండే ఈ దూరదర్శినితోనే ఆ మహాతారల వర్ణపటాలు తీశారు. హీలియం కనబడదు గనుక వాళ్ళు హైడ్రోజన్‌ను పట్టుకున్నారు. అదీ నేరుగా కాదు, మెగ్నీషియం ద్వారా! చల్లని నక్షత్రంలో మెగ్నీషియం పరమాణువులు కొన్ని ఒంటరిగా ఉంటాయి. కొన్ని హైడ్రోజన్‌తో జతకట్టి అణువులవుతాయి. రెండిటి ముద్రలూ వర్ణపటంలో ఆకుపచ్చ రంగులోనే దగ్గర దగ్గరగా పడతాయి.

సంతలో బండ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసనుకోండి. ఎడ్లు కట్టిన బండ్లు మీరనుకున్న దానికంటే తక్కువగా ఉంటే ఏమంటారు? బండ్లు తగ్గలేదు, ఎడ్లే తక్కువయ్యాయంటారు. అలాగే ఒంటరి మెగ్నీషియం గీతల నుంచి మెగ్నీషియం ఎంతో తేల్చి, నక్షత్రం వేడికి తగినట్టు జతలు ఎన్ని ఉండాలో లెక్కవేసి, జతల ముద్రతో పోల్చారు. చాలా నక్షత్రాల్లో సరిపోయింది. ఇనుము ఎక్కువగా ఉన్న కొన్నిటిలో మాత్రం జతలు తక్కువ! అంటే హైడ్రోజన్ తక్కువ. నక్షత్రంలో దాదాపు అంతా ఈ రెండు వాయువులే గనుక, హైడ్రోజన్ తగ్గిన మేర హీలియం ఉండాలి. ఈ ఫలితాన్ని 2014లో ప్రకటించారు. కొత్త మాట గదా, ఒక్కసారి చూసి వదిలేయలేదు. దక్షిణాఫ్రికాలోని ఇంకా పెద్ద దూరదర్శినితో, మరింత వివరమైన వర్ణపటాలతో మళ్ళీ కొలిచి 2020లో రెండు మహాతారలకు అంకెలు ఇచ్చారు. మామూలు నక్షత్రంలో పది హైడ్రోజన్ పరమాణువులకు ఒక హీలియం ఉంటుంది. వీటిలో సుమారు ఒకటిన్నర నుంచి రెండు ఉన్నాయి.

గుంటూరు ఆకాశంలో ఒక పసుపు గీతగా పరిచయమైన హీలియం, 146 ఏళ్ళ తరువాత జవ్వాది కొండల మీద, అసలు గీతే కనిపించకుండా పట్టుబడిందన్నమాట.

ఆ హీలియంను మొదటి తరంలోని ఏ నక్షత్రాలు తయారుచేశాయి, అది రెండో తరంలోకి ఎలా చేరింది అన్న విషయంలో శాస్త్రజ్ఞులు ఇంకా ఒక మాటకు రాలేదు. బరువైన, వేగంగా తిరిగే నక్షత్రాలు పైపొరలను విసిరేశాయని కొందరంటారు. మధ్యరకపు బరువున్న నక్షత్రాలు ముసలితనంలో వదిలిన వాయువని మరికొందరంటారు. ఏ లెక్క వేసినా అన్ని మూలకాల అంకెలూ ఒకేసారి కుదరడం లేదు. ఒక మూలకం సరిపోతే మరొకటి తప్పుతోంది.

ఈలోగా మీరు చేయగలిగింది చూడటం. ఇంట్లో రెండు కళ్ళ దూరదర్శిని ఉంటే, పొలాలకు కాపలా కాసేవాళ్ళ దగ్గరైనా సరే, అడిగి తీసుకోండి. దానిలో ఆ మసక చుక్క గుండ్రని వెలుగు ముద్దగా, సుమారు చంద్రబింబమంత వెడల్పున కనిపిస్తుంది. చిత్త తప్పిపోతే సప్తర్షి మండలం తోక వంపును పట్టుకుని రండి. ఆ వంపు మొదట నారింజరంగు స్వాతికి, అక్కడినుంచి చిత్తకు తీసుకొస్తుంది. ఆ తరువాత తిన్నగా కిందికి మూడున్నర పిడికిళ్ళు.